ఫాలోవర్లు వేరు, సభ్యులు వేరు: కార్మిక సంఘం బలాన్ని దేనితో కొలవాలి?

"సోషల్ మీడియా భారత కార్మిక ఉద్యమాన్ని బలపరిచిందా? చర్చించండి." మెయిన్స్‌లో ఇలాంటి ప్రశ్న వస్తే మనలో ఎక్కువమంది రాసే సమాధానం దాదాపు ఒకేలా ఉంటుంది. నాలుగు లాభాలు, నాలుగు నష్టాలు, చివర "సమతుల్య దృక్పథం అవసరం" అనే వాక్యం. మార్కులు పడితే పడొచ్చు. కానీ ఆ సమాధానం అసలు విషయాన్ని తాకదు. కార్మికుల తరఫున మాట్లాడే హక్కు ఎవరిది, ఆ హక్కును ఏ లెక్కతో తేల్చాలి అన్నదే అసలు ప్రశ్న.

దీన్ని మన భవిష్యత్తు ఉద్యోగం వైపు నుంచి చూద్దాం. రేపు మీరు ఒక నగరంలో కార్మిక శాఖ అధికారిగా ఉన్నారనుకోండి. డెలివరీ కుర్రాళ్లు యాప్‌ల నుంచి లాగౌట్ అయి సమ్మె ప్రకటించారు. కంపెనీ వాళ్లు మీ ఆఫీసుకు వచ్చి కూర్చున్నారు. కార్మికుల వైపు నుంచి మూడు పేర్లు మీ బల్ల మీద ఉన్నాయి. మొదటి సంఘానికి లక్ష మంది ఫాలోవర్లు ఉన్నారు, సభ్యుల రిజిస్టర్ మాత్రం లేదు. రెండోదానికి ఆరొందల మంది చందా కట్టే సభ్యులున్నారు, ఆన్‌లైన్‌లో ఎవరికీ తెలియదు. మూడోది పెద్ద కేంద్ర సంఘానికి అనుబంధం, లెటర్‌హెడ్ ఉంది, ఈ నగరంలో ఎంతమంది ఉన్నారో దానికే తెలియదు. చర్చలకు ఎవరిని పిలుస్తారు? ఎవరితో కుదిరిన ఒప్పందానికి రోడ్డు మీది కార్మికుడు కట్టుబడతాడు?

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆన్‌లైన్ ఆదరణ ప్రచారానికి కొలమానం కాగలదు గానీ ప్రాతినిధ్యానికి కాదు. అలాగని పాత కాగితాల మీది గుర్తింపు కూడా సరైన కొలమానం కాదు. కార్మికుడి రహస్య ఓటు ఒక్కటే నమ్మదగిన లెక్క. ఆ ఓటు ఇప్పుడు ఎవరికైతే లేదో, ఆ గిగ్ కార్మికులకు దాన్ని ఇవ్వడమే ఈ దశాబ్దపు కార్మిక సంస్కరణ కావాలి.

పత్రిక ఒకటి, సంతకాలు ఒకటి

కార్మిక సంఘమూ ప్రచార సాధనమూ జంటగా నడవడం ఇంటర్నెట్‌తో మొదలైంది కాదు. 1874లో బెంగాల్‌లో శశిపద బెనర్జీ 'భారత శ్రమజీవి' పత్రిక తెచ్చారు. బొంబాయిలో జ్యోతిరావ్ ఫూలే సహచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే 1880 నుంచి 'దీనబంధు' పత్రికను నడిపారు. మిల్లు కార్మికుల కష్టాలు అచ్చులో కనబడిన తొలి పత్రికల్లో అది ఒకటి. ఈ రోజు సంఘాలు నడిపే పేజీలు, ఛానెళ్లు చేస్తున్న పని అప్పట్లో దీనబంధు చేసింది.

అయితే 1884లో ఫ్యాక్టరీ కమిషన్ ముందుకు వెళ్లినప్పుడు లోఖండే తన పత్రిక ఎన్ని కాపీలు అమ్ముడవుతోందో చెప్పలేదు. కార్మికులను సమావేశపరిచి, సుమారు 5,500 మంది సంతకాలతో వినతిపత్రం ఇచ్చారు. వారానికి ఒక రోజు సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, నెల జీతం నిర్ణీత తేదీలోపు ఇవ్వడం, గాయపడితే పరిహారం అందులోని కోరికలు. 1890లో వేలమంది కార్మికుల సభ తర్వాత బొంబాయి మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. 1891 ఫ్యాక్టరీల చట్ట సవరణలో వారాంతపు సెలవు చేరింది.

పత్రిక కార్మికుల మాటను ఊరికి వినిపించింది. సంతకాలు ఆ మాట వెనక ఎంతమంది ఉన్నారో అధికారికి చూపించాయి. రెండూ కావాలి. కానీ ఒకదాని పని ఇంకొకటి చేయదు.

మన దక్షిణాది అనుభవం కూడా చూడండి. 1918 ఏప్రిల్‌లో మద్రాసులో బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లు కార్మికులతో బి.పి. వాడియా అధ్యక్షుడిగా మద్రాస్ లేబర్ యూనియన్ ఏర్పడింది. మిల్లు యాజమాన్యం వాడియా మీద మద్రాస్ హైకోర్టుకు వెళ్లి ఆయనకు వ్యతిరేకంగా ఉత్తర్వు తెచ్చుకుంది. సంఘం పెట్టుకోవడానికే చట్టపరమైన రక్షణ లేదని దేశానికి తెలిసిన సందర్భం అది. ఎన్.ఎం. జోషి 1921లో కేంద్ర శాసనసభలో తెచ్చిన తీర్మానం, దాని వెనక వచ్చిన 1926 కార్మిక సంఘాల చట్టం ఆ గొడవ నుంచి పుట్టినవే. ఆ చట్టం కింద ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు. 2001 సవరణతో ఆ సంస్థలో పనిచేసేవారిలో 10 శాతం లేదా వంద మంది, ఏది తక్కువైతే అంత మంది సభ్యులుగా ఉండాలన్న షరతు చేరింది. అంటే సంఘం అన్నదానికి మన చట్టం మొదటి నుంచీ పెట్టిన పునాది ఒక్కటే: పేరూ సంతకమూ ఉన్న మనుషులు.

లైకు దేన్ని కొలుస్తుంది?

ఇంజినీరింగ్‌లో మనకు చెప్పే మొదటి పాఠాల్లో ఒకటి, కొలిచే పరికరం దేన్ని కొలుస్తుందో తెలియకుండా రీడింగ్ తీసుకోవద్దని. ఫాలోవర్ల సంఖ్యకు, సభ్యత్వానికి మధ్య కనీసం మూడు తేడాలున్నాయి.

మొదటిది ఖర్చు. సభ్యుడు నెలనెలా చందా కడతాడు, అవసరమైతే ఒక రోజు కూలి వదులుకుంటాడు. లైకు కొట్టడానికి ఏమీ పోదు. రెండోది, ఎవరు అన్న ప్రశ్న. సంఘం పేజీని అనుసరించేవాళ్లలో కార్మికులు ఉంటారు, కస్టమర్లు ఉంటారు, విలేకరులు, మనలాంటి అభ్యర్థులు, కంపెనీ మనుషులు, దొంగ ఖాతాలు కూడా ఉంటాయి. ఆ సంస్థలో పనిచేయని వాళ్ల మద్దతు విలువైనదే, కానీ వాళ్లు జీతం ఒప్పందం మీద సంతకం పెట్టలేరు. మూడోది జవాబుదారీ. రిజిస్టరైన సంఘం ఏటా ఆడిట్ చేసిన లెక్కలు రిజిస్ట్రారుకు పంపాలి. పదవుల్లో ఉన్నవారిని సభ్యులు మార్చుకోవచ్చు. ఒక ఖాతాను నడిపేవాడిని ఫాలోవర్లు మార్చలేరు, మానేయడం తప్ప.

ఆర్థికశాస్త్రంలో గుడ్‌హార్ట్ సూత్రం ఒకటుంది. ఒక కొలమానమే లక్ష్యమైపోతే అది మంచి కొలమానంగా ఉండదని దాని సారాంశం. సంఘం తన బలాన్ని వ్యూస్‌లో చూసుకోవడం మొదలుపెడితే, దాని పని కూడా వ్యూస్ వచ్చే వైపుకే జరుగుతుంది. కస్టమర్ డెలివరీ కుర్రాడిని తిట్టిన వీడియో లక్షల మందికి చేరుతుంది. అదే కుర్రాడి ప్రమాద బీమా క్లెయిమ్ ఏ నిబంధన కింద తిరస్కరణకు గురైందో చెప్పే పోస్టును ఎవరూ చూడరు. కానీ సంఘం చేయాల్సిన పనిలో ముప్పాతిక వంతు ఆ రెండో రకానిదే.

అలాగని ఆన్‌లైన్ గొంతును తీసిపారేయడానికి లేదు. 2021లో పెట్రోలు ధర లీటరుకు వంద రూపాయలు దాటిన రోజుల్లో, ఫుడ్ డెలివరీ కార్మికులు పేరు చెప్పకుండా ట్విట్టర్ ఖాతాలు తెరిచారు. వాటిలో హైదరాబాద్ పేరుతో నడిచినది కూడా ఉంది. ఆర్డరుకు అసలు ఎంత ఇస్తారు, హోటల్ దాకా వెళ్లే దూరానికి లెక్క కడతారా లేదా, వానలో అదనంగా ఎంత, ఇవన్నీ అంతకుముందు కస్టమర్లకు తెలియని సంగతులు. ఆ ఖాతాల వల్లే అవి పత్రికల్లోకి వచ్చాయి, కంపెనీలు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ప్రపంచ స్థాయిలో 1998 నుంచి నడుస్తున్న లేబర్‌స్టార్ట్ లాంటి వెబ్‌సైటు, ఒక దేశంలో జైలు పాలైన సంఘ నాయకుడి కోసం వేరే దేశాల నుంచి వేల ఈమెయిళ్లు వెళ్లేలా చేయగలిగింది. ఇది నిజమైన బలమే. కాకపోతే ఇది ఒత్తిడి తెచ్చే బలం. ఒత్తిడి వల్ల కంపెనీ చర్చకు దిగాక, కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. పేరు లేని ఖాతా ఆ కుర్చీలో కూర్చోలేదు.

మన చుట్టూ ఉన్న ఐటీ ఉద్యోగాల సంగతి కూడా ఇదే. లేఆఫ్‌ల గురించి, పని గంటల గురించి పెట్టిన పోస్టుకు వేల స్పందనలు వస్తాయి. అదే ఆఫీసులో సంఘం పెడదామంటే సంతకానికి ఏడుగురు దొరకరు. కర్ణాటకలో 2017లో ఐటీ ఉద్యోగుల సంఘం రిజిస్టరైంది. అంతమంది ఐటీ ఉద్యోగులున్న రాష్ట్రంలో తొలి సంఘం రావడానికి అన్నేళ్లు పట్టిందంటే, కోపానికి, సంఘటితం కావడానికి మధ్య ఎంత దూరముందో అర్థమవుతుంది.

కాగితం మీది బలం కూడా బలం కాదు

ఇక్కడిదాకా చదివి, "అయితే రిజిస్టర్, రికార్డు ఉన్న సంఘాలే అసలైనవి" అనుకుంటే అదీ పొరపాటే. దానికి మన చరిత్రలోనే పెద్ద ఉదాహరణ ఉంది.

1982 జనవరి 18న బొంబాయి బట్టల మిల్లుల్లో సుమారు రెండున్నర లక్షల మంది సమ్మెలోకి దిగారు. తెలంగాణ జిల్లాల నుంచి వలసవెళ్లిన చేనేత కుటుంబాలవాళ్లు కూడా ఆ మిల్లుల్లో పనిచేసేవారు. కార్మికులు నాయకుడిగా ఎంచుకున్నది డాక్టర్ దత్తా సామంత్‌ను. కానీ 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం ప్రకారం ప్రాతినిధ్య సంఘం హోదా ఉన్నది రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్‌కు. చట్టం ప్రకారం మాట్లాడాల్సింది ఆ సంఘమే, మిల్లులు ఖాళీ చేసి బయటికి వచ్చినవాళ్లు ఆ సంఘాన్ని వద్దన్నవాళ్లు. ప్రభుత్వం సామంత్‌తో చర్చలకు సిద్ధపడలేదు. ఏడాదికి పైగా సాగిన ఆ సమ్మెను అధికారికంగా ఎవరూ విరమించలేదు. వేలమంది ఉద్యోగాలు తిరిగి రాలేదు. మిల్లుల పతనానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి. కానీ కార్మికులు నమ్మినవాడికి హోదా లేకపోవడం, హోదా ఉన్నవాళ్లను కార్మికులు నమ్మకపోవడం ఆ సమ్మెకు పరిష్కారం లేకుండా చేసింది.

కాబట్టి తప్పు రెండు వైపులా జరగొచ్చు. జనాదరణ ఉండి లెక్క తేలకపోవడం ఒకటి, లెక్క ఉండి జనాదరణ లేకపోవడం ఇంకొకటి. ఈ రెండింటినీ కలపగలిగేది ఎప్పటికప్పుడు జరిగే ఎన్నిక.

సర్కారు లెక్క ఎంత పాతది?

జాతీయ స్థాయిలో కేంద్ర సంఘాల సభ్యత్వాన్ని చీఫ్ లేబర్ కమిషనర్ కార్యాలయం పరిశీలిస్తుంది. ఆ పరిశీలన ప్రకారమే త్రైపాక్షిక సంఘాల్లో, అంతర్జాతీయ కార్మిక సదస్సుకు వెళ్లే బృందాల్లో ఎవరికి చోటు అన్నది తేలుతుంది. చివరగా పూర్తయిన పరిశీలనకు ప్రాతిపదిక 2002. దాని ప్రకారం బీఎంఎస్‌కు సుమారు 62 లక్షలు, ఐఎన్‌టీయూసీకి 39 లక్షలు, ఏఐటీయూసీకి 34 లక్షలు, హెచ్‌ఎంఎస్‌కు 33 లక్షలు, సీఐటీయూకు 26 లక్షల సభ్యులు. ఆ లెక్క ఖరారు కావడానికే 2008 దాకా పట్టింది.

2002లో స్మార్ట్‌ఫోన్ లేదు, యాప్ డెలివరీ లేదు. నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో 77 లక్షల మంది గిగ్ కార్మికులున్నారు, 2029-30 నాటికి వారి సంఖ్య 2.35 కోట్లకు చేరుతుందని అంచనా. వాళ్లలో ఒక్కరు కూడా పాత లెక్కలో ఉండే అవకాశం లేదు. పైగా త్రైపాక్షిక చర్చలకు అత్యున్నత వేదిక అయిన భారత కార్మిక సదస్సు 2015 జూలై తర్వాత సమావేశం కాలేదు.

ఫాలోవర్ల లెక్కకు ఇంత విలువ రావడానికి అసలు కారణం ఇక్కడుందని నా వాదన. నమ్మదగిన లెక్క అందుబాటులో లేనప్పుడు, కంటికి కనబడే లెక్కనే అందరూ వాడతారు. టీవీ చర్చకు పిలిచేవాళ్లు, ముసాయిదా బిల్లు మీద అభిప్రాయం అడిగే అధికారులు, ఆఖరికి కంపెనీలు కూడా ఆన్‌లైన్‌లో ఎక్కువగా కనబడే పేరునే పిలుస్తాయి. తప్పు పట్టాల్సింది సంఘాలు ఆన్‌లైన్‌కు వెళ్లడాన్ని కాదు, రాజ్యం తన లెక్కను ఇరవై ఏళ్లుగా పక్కన పెట్టడాన్ని.

సింగరేణిలో ఏం జరుగుతుంది?

మన ప్రాంతంలోనే మెరుగైన నమూనా ఉంది. సింగరేణి కాలరీస్‌లో 1998 నుంచి గుర్తింపు సంఘాన్ని రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకుంటున్నారు. కేంద్ర కార్మిక శాఖ అధికారులే ఆ ఎన్నిక నిర్వహిస్తారు. 2012, 2017 ఎన్నికల్లో తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘం గెలిచింది. పలుమార్లు వాయిదా పడిన తర్వాత 2023 డిసెంబరు 27న మళ్లీ ఎన్నిక జరిగింది. ఓటర్లు దాదాపు 40 వేల మంది, పోలింగ్ 94 శాతం. ఏఐటీయూసీ రెండు వేల లోపు ఓట్ల ఆధిక్యంతో గుర్తింపు సంఘమైంది. పదకొండు ఏరియాల్లో ఆరింటిలో ఐఎన్‌టీయూసీ, ఐదింటిలో ఏఐటీయూసీ ప్రాతినిధ్య సంఘాలయ్యాయి.

రాష్ట్రంలో కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చి నెల కూడా కాలేదు. కాంగ్రెస్ అనుబంధ సంఘం గెలిచేస్తుందని అనుకోవడం సహజం. కార్మికులు గుర్తింపును ఒక సంఘానికి ఇచ్చి, ఎక్కువ ఏరియాలను మరో సంఘానికి ఇచ్చారు. ఇలాంటి సూక్ష్మమైన తీర్పును ఏ ఆన్‌లైన్ ర్యాంకూ చూపించలేదు. రైల్వేలో కూడా 2007, 2013, 2024లలో రహస్య బ్యాలెట్ జరిగింది. సంఘం బలాన్ని తేల్చడానికి రహస్య బ్యాలెట్ ఎలా నిర్వహించాలో ఫుడ్ కార్పొరేషన్ ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు 1995లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ విషయంలో ఒక అడుగు ముందుకు వేసింది. సంస్థ మస్టర్ రోల్‌లోని కార్మికుల్లో 51 శాతం మద్దతున్న సంఘమే ఏకైక చర్చల సంఘం. ఏ సంఘానికీ అంత లేకపోతే, 20 శాతం మద్దతున్న సంఘాలతో చర్చల మండలి ఏర్పడుతుంది. రవీంద్ర వర్మ అధ్యక్షతన రెండో జాతీయ కార్మిక కమిషన్ 2002లో 66 శాతం, 25 శాతం అని సూచించింది. అంతకుముందు కేంద్ర చట్టంలో గుర్తింపు అన్న మాటే అమల్లో లేదు, 1958 నాటి క్రమశిక్షణ నియమావళి స్వచ్ఛందం మాత్రమే. కాబట్టి ఇది చిన్న మార్పు కాదు. అయితే ఆ మద్దతును ఎలా నిర్ధారించాలన్నది కోడ్ నిబంధనలకు వదిలేసింది. అక్కడ రహస్య బ్యాలెట్ తప్పనిసరి కాకపోతే, ఈ 51 శాతం కూడా కాగితం లెక్కగా మిగిలే ప్రమాదం ఉంది.

మస్టర్ రోల్ లేనివాడి సంగతి

"మస్టర్ రోల్‌లోని కార్మికులు" అన్న ఆ మాటను మళ్లీ ఒకసారి చదవండి. గిగ్ కార్మికుడికి మస్టర్ రోల్ లేదు. సామాజిక భద్రత కోడ్ అతన్ని సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి వెలుపల పనిచేసేవాడిగా నిర్వచించింది. అక్కడ బీమా, సంక్షేమ నిధి ఉన్నాయి. కంపెనీలు వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం ఇవ్వాలని ఉంది. చర్చల హక్కు మాత్రం ఆ కోడ్‌లో లేదు, అది ఉన్న కోడ్‌లో గిగ్ కార్మికుడు లేడు. అందుకే అతనికి ఆన్‌లైన్ ఖాతా సరదా కాదు, మిగిలిన ఏకైక మార్గం.

ఇంకో వైపు, అదే కార్మికుడిని రోజూ ర్యాంకు చేస్తున్నదీ ఆన్‌లైన్ ఆదరణే. కస్టమర్ ఇచ్చే నక్షత్రాలు తగ్గితే ఆర్డర్లు తగ్గుతాయి, మరీ తగ్గితే ఐడీ బ్లాక్ అవుతుంది. హోటల్‌లో ఆలస్యమైనా, లిఫ్టు పనిచేయకపోయినా, కస్టమర్ అడ్రస్ తప్పు పెట్టినా నక్షత్రాలు పోయేది అతనివే. ఫ్యాక్టరీలో ఒకర్ని తీసేయాలంటే నోటీసు, విచారణ ఉంటాయి. ఇక్కడ విచారణ లేని జనాభిప్రాయం శిక్ష వేస్తుంది. ఆదరణను న్యాయానికి బదులుగా వాడితే ఏమవుతుందో దీనికంటే బాగా చూపించే ఉదాహరణ లేదు. ఈ పద్ధతి కార్మికుడి విషయంలో అన్యాయమని అనేవాళ్లం, అతని సంఘాన్ని మాత్రం అదే పద్ధతిలో కొలవడం ఎలా సమర్థిస్తాం?

ర్యాంకు మంచికీ వాడొచ్చు. ఫెయిర్‌వర్క్ ఇండియా అనే పరిశోధన బృందం కంపెనీలకే పదికి మార్కులు వేస్తుంది. వేతనం, పని పరిస్థితులు, ఒప్పందాలు, నిర్వహణ, ప్రాతినిధ్యం అనే ఐదు సూత్రాలు దానికి ప్రాతిపదిక. 2022లో 12 ప్లాట్‌ఫామ్‌లను పరిశీలిస్తే అత్యధికం 7 మార్కులు, ఐదింటికి సున్నా. ప్రాతినిధ్యం అనే సూత్రం కింద ఒక్క ప్లాట్‌ఫామ్‌కు కూడా మార్కు రాలేదు. ప్రమాణాలు ముందే చెప్పి, రుజువులు అడిగి వేసే ర్యాంకుకు, లైకుల ర్యాంకుకు తేడా ఇదే. ఆ ర్యాంకు చెబుతున్నదీ మన ప్రశ్ననే: దేశంలో ఏ ప్లాట్‌ఫామూ కార్మికుల సమష్టి గొంతుకు చోటు ఇవ్వలేదు.

అయితే ఏం చేయాలి?

నా ప్రతిపాదన కొత్త సంస్థ ఏదీ కోరదు. రాజస్థాన్ 2023లో దేశంలోనే మొదటగా గిగ్ కార్మికుల చట్టం చేసింది. కర్ణాటక 2025లో చేసిన చట్టం చెల్లింపుల మీద 1 నుంచి 5 శాతం సంక్షేమ రుసుము పెట్టింది, కారణం రాతపూర్వకంగా చెప్పి 14 రోజుల నోటీసు ఇవ్వకుండా కార్మికుడిని తొలగించకూడదంది. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో తన ముసాయిదా బిల్లును ప్రజల ముందు పెట్టింది. ఈ చట్టాలు కార్మికులను నమోదు చేసి, సంక్షేమ బోర్డులు పెడతాయి. కేంద్రం వైపున 2021లో మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో 30 కోట్లకు పైగా అసంఘటిత కార్మికులు నమోదయ్యారు. అంటే గిగ్ కార్మికుడికి లేని మస్టర్ రోల్ మరో రూపంలో తయారవుతోంది.

రాజస్థాన్, కర్ణాటక బోర్డుల్లో కార్మికుల ప్రతినిధులను ప్రభుత్వమే నామినేట్ చేస్తుంది. ఇక్కడే మార్పు కావాలి. నామినేషన్ అన్నప్పుడు అధికారికి కనబడేది ఎవరు? పాలకపక్షానికి దగ్గరవాళ్లు, లేదంటే ఆన్‌లైన్‌లో గట్టిగా వినబడేవాళ్లు. దాని బదులు బోర్డులో నమోదైన ప్రతి కార్మికుడికీ ఓటు ఇచ్చి, మూడేళ్లకోసారి రహస్య ఎన్నిక జరపాలి. నిర్వహణ కార్మిక శాఖది, ఓటర్ల జాబితా బోర్డుది. కంపెనీ యాప్ మీద ఓటింగ్ మాత్రం జరగకూడదు. గెలిచిన సంఘానికి రేటు కార్డు, ఐడీ బ్లాక్, రేటింగ్ అప్పీళ్ల మీద కంపెనీతో చర్చించే హక్కు చట్టంలో రాయాలి.

దీనికి మూడు అభ్యంతరాలు రావచ్చు. ఎన్నిక పెడితే డబ్బు, మందు, కులం వస్తాయన్నది మొదటిది. వస్తాయి. పంచాయతీ ఎన్నికల్లోనూ వస్తాయి, అందుకని సర్పంచులను నామినేట్ చేయమని మనం అడగడం లేదు. రెండోది, ఎక్కువమంది ఉన్న బైక్ డెలివరీ మగవాళ్ల ఓట్లలో ఇళ్లకు వెళ్లి బ్యూటీ సేవలు అందించే మహిళల గొంతు మునిగిపోతుందని. ఇది సరైన భయం. పని రకాన్ని బట్టి వేరువేరు స్థానాలు, మహిళలకు రిజర్వేషన్ పెట్టడమే దానికి జవాబు. మూడోది, పేరు బయటపడితే ఐడీ పోతుందన్న భయంతో కార్మికులు ముందుకు రారని. అనామక ఖాతా ఇచ్చే రక్షణనే రహస్య ఓటు కూడా ఇస్తుంది. ఖాతాకు లేనిదీ ఓటుకు ఉన్నదీ లెక్క.

రాజ్యాంగం 19(1)(సి) అధికరణం సంఘం పెట్టుకునే హక్కు ఇచ్చింది. కానీ ఆ హక్కులో చర్చల హక్కు, సమ్మె హక్కు ఇమిడి లేవని 1962లో బ్యాంకు ఉద్యోగుల సంఘం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కార్మికుల భాగస్వామ్యం గురించి చెప్పే 43ఏ అధికరణం ఆదేశిక సూత్రం. సంఘ స్వేచ్ఛ, సమష్టి చర్చల మీద ఉన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ 87, 98 ఒప్పందాలను భారత్ ఇప్పటికీ ఆమోదించలేదు. కాబట్టి చర్చల హక్కు చట్టసభ ఇస్తేనే వస్తుంది, ట్రెండింగ్ వల్ల రాదు. కార్మిక మంత్రిగా పనిచేసిన వి.వి. గిరి, నిర్బంధ తీర్పుల కంటే యజమాని-కార్మికుల మధ్య నేరుగా చర్చలే మేలని పట్టుబట్టిన సంగతి మనం చదువుకున్నదే. నేరుగా చర్చ జరగాలంటే ఎదురుగా కూర్చున్నది ఎవరి ప్రతినిధో ముందు తేలాలి.

సమాధానం రాసేటప్పుడు

ఈ అంశం జీఎస్-2లో సంక్షేమ చట్టాలు, ఒత్తిడి బృందాల కింద, జీఎస్-3లో ఉపాధి కింద, ఎస్సేలో టెక్నాలజీ-ప్రజాస్వామ్యం కింద వాడుకోవచ్చు. గుర్తుంచుకోవాల్సినవి నాలుగు. లోఖండే పత్రిక, సంతకాలు. 1982 సమ్మెలో హోదాకూ ఆదరణకూ మధ్య చీలిక. సింగరేణి రహస్య బ్యాలెట్. కోడ్‌లోని 51 శాతం, దాన్నుంచి తప్పిపోయిన గిగ్ కార్మికుడు. ఈ నాలుగూ ఒక వరుసలో పెడితే సమాధానానికి వాదన దానంతటదే వస్తుంది.

మళ్లీ మీ బల్ల మీది మూడు పేర్ల దగ్గరికి వద్దాం. ఈ రోజున్న చట్టం ప్రకారం ఆ అధికారి చేయగలిగింది మూడింటినీ పిలిచి, మంచి మాటలు చెప్పి పంపడమే. ఎవరి వెనక ఎంతమంది ఉన్నారో తేల్చే దారి ఆయన చేతిలో లేదు. ఆ దారి వేయడం చట్టసభ పని, దాన్ని నిజాయితీగా నడపడం రేపు మనలో కొందరి పని. ఆ రోజు ఫోను తీసి ఫాలోవర్ల సంఖ్య చూడకుండా, ఓటర్ల జాబితా తెప్పించండి అని అడిగే అధికారి కావాలి.